రూటరుకు పెట్టిన డిస్కు తెరుచుకోకపోతే ఫార్మాట్ కొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్నెట్ రూటరు వెనక ఉండే యూఎస్‌బీ పోర్టుకు హార్డ్‌డిస్కో పెన్‌డ్రైవో తగిలించి, ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు, టీవీ అన్నీ దాన్నే వాడుకోవడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. ఫొటో స్టూడియోల వాళ్లు పెళ్లి ఆల్బమ్‌లు అందులో పెట్టుకుంటున్నారు. ఆడిటర్ల ఆఫీసుల్లో లెక్కల ఫైళ్లు, రొయ్యల చెరువుల వాళ్ల ఇళ్లలో ల్యాబ్ రిపోర్టులు, మేత బిల్లులు, ఇంకొందరి దగ్గర పొలం దస్తావేజుల స్కాన్లు అందులోనే ఉంటున్నాయి. ఒకరోజు హఠాత్తుగా అది తెరుచుకోదు. అప్పుడు దొరికే సలహాలు సాధారణంగా రెండే. ‘డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టండి’ అన్నది ఒకటి. ‘విండోస్‌లో ఎస్‌ఎంబీ 1 అని ఒకటి ఉంటుంది, టిక్కు పెట్టండి’ అన్నది రెండోది. (నెట్‌వర్కులో ఒక చోట ఉన్న ఫైళ్లను ఇంకో చోటి నుంచి తెరిచే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ, అందులో పాత వెర్షన్ ఎస్‌ఎంబీ 1.) మొదటి సలహా వింటే ఉన్న డేటా పోతుంది. రెండోది వింటే కంప్యూటరు తలుపు తీసి పెట్టినట్టే. చాలా సందర్భాల్లో ఈ రెండూ అక్కర్లేదు. ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఫార్మాట్ సంగతి. రూటరుకు ఉన్న డిస్కును తీసి నేరుగా కంప్యూటరుకు పెడితే, ‘ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని విండోస్ అడగవచ్చు. క్యాన్సిల్ నొక్కండి. ఆ ప్రశ్నకు అర్థం డిస్కు ఖాళీగా ఉందని కాదు. అందులోని అమరిక, అంటే ఫైళ్లను పేర్చిపెట్టే పద్ధతి (ఫైల్ సిస్టమ్), విండోస్‌కు అర్థం కాలేదని మాత్రమే. కొన్ని రూటర్లు, కెమెరాల రికార్డర్లు డిస్కును లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పద్ధతిలో, అంటే ఈఎక్స్‌టీ4 వంటి అమరికలో సిద్ధం చేసుకుంటాయి. విండోస్ దాన్ని మామూలుగా చదవదు. అదే డిస్కు ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీంచి నడిపితే తెరుచుకుంటుంది. తొందరపడి క్విక్ ఫార్మాట్ నొక్కేసిన వాళ్లకు కూడా ఒక మాట: ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకండి, కొత్తగా ఒక్క ఫైలు కూడా వేయకండి. క్విక్ ఫార్మాట్‌లో చెరిగేది ప్రధానంగా ఫైళ్ల పట్టికే. పాత డేటా మీద కొత్తది పడనంత వరకూ దాన్ని వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. తిరిగే పళ్లెం లేని చిప్పుల డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీలో మాత్రం ఆ అవకాశం బాగా తక్కువ.

ఇక అసలు వెతుకులాట. మొదటి ప్రశ్న ఒక్కటే: డిస్కు రూటరుకు కనపడుతోందా, లేదా? బ్రౌజరులో రూటరు అడ్రసు కొట్టి లోపలికి వెళ్లండి. 192.168.1.1, 192.168.0.1, 192.168.29.1 వీటిలో ఏదో ఒకటి కావచ్చు. కచ్చితంగా తెలియాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ వివరాల్లో ‘డీఫాల్ట్ గేట్‌వే’ అన్న చోట ఏ అంకెలు ఉన్నాయో చూడండి. రూటరు పేజీలో యూఎస్‌బీ, స్టోరేజ్, షేరింగ్ అనే పేర్లలో ఏదో ఒకదాని కింద డిస్కు పేరు, సైజు, ఎంత ఖాళీ ఉందో చూపించాలి. చూపిస్తే డిస్కు బతికే ఉంది, రూటరు దాన్ని చదువుతోంది. చిక్కు కంప్యూటరుకూ రూటరుకూ మధ్య ఉంది. చూపించకపోతే కరెంటు చాలకపోవడమో, కేబులో, డిస్కు అమరికో కారణం. ఈ ఒక్క పేజీ చూస్తే సగం పని తెమిలిపోతుంది. చాలామంది దీన్ని వదిలేసి విండోస్‌తోనే గంటలు గంటలు కుస్తీ పడుతున్నారు.

డిస్కు కనపడకపోతే ముందు అనుమానించాల్సింది కరెంటునే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. యూఎస్‌బీ 3.0 పోర్టయితే 900 మిల్లీ ఆంపియర్లు, నాలుగున్నర వాట్లు. చేతిలో పట్టే రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్కు లోపలి పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో దాదాపు ఒక ఆంపియర్ దాకా లాగగలదు. పోర్టు అంత ఇవ్వలేకపోతే డిస్కు టిక్కుమంటుంది, లైటు వెలిగి ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. విన్నవాళ్లు డిస్కు చెడిపోయిందని అనుకుంటారు. అదే డిస్కును కంప్యూటరుకు పెట్టి చూడండి. అక్కడ శబ్దం లేకుండా తిరిగితే లోపం డిస్కులో లేదు. అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్ ఒకటి మధ్యలో పెడితే సరిపోతుంది. అడాప్టరు లేని హబ్ కొంటే డబ్బు దండగ, ఎందుకంటే అది కూడా రూటరు కరెంటునే పంచుకుంటుంది. కంప్యూటరు దగ్గర కూడా టిక్కుటిక్కు ఆగకపోతే ఇక దాన్ని పదేపదే తిప్పి చూడకండి, చెకింగులు పెట్టకండి. ఫైళ్లు ఇంకా తెరుచుకుంటుంటే ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకోండి, లేకపోతే డేటా రికవరీ చేసేవాళ్లకు అప్పగించండి.

కరెంటు కోతల కోసం రూటరుకు పెట్టుకునే మినీ యూపీఎస్ ఇక్కడ ఇంకో తిరకాసు. రూటరు అడాప్టరు మీద ఏం రాసి ఉందో చూడండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అంటే మొత్తం 12 వాట్లే. అందులోనే వైఫై నడవాలి, ఫైబరు లైటు నడవాలి, డిస్కు తిరగాలి. రూటరు కంపెనీ 1.5 ఆంపియర్ల అడాప్టరు ఇస్తే, అది పోయాక బజారులో దొరికిన 1 ఆంపియర్ది పెట్టిన ఇళ్లలో డిస్కు పెట్టగానే రూటరే రీస్టార్ట్ అవుతుంది. మినీ యూపీఎస్ కూడా రూటరుకు కావాల్సిన ఆంపియర్లు ఇచ్చేదై ఉండాలి, వోల్టులు మాత్రం కచ్చితంగా అవే ఉండాలి. సొంత అడాప్టరుతో వచ్చే పెద్ద మూడున్నర అంగుళాల డిస్కు అయితే మరీ జాగ్రత్త. కరెంటు పోగానే యూపీఎస్ మీద రూటరు వెలుగుతూనే ఉంటుంది, డిస్కు మాత్రం రాస్తూ రాస్తూ ఆగిపోతుంది. ఆ డిస్కు అడాప్టరు కూడా ఇన్వర్టరు లైను మీదే ఉండాలి.

ఇలా మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో చెప్పాలి. మన దగ్గర వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అమరికలో ఉన్న డిస్కు సరిగ్గా మూసుకోకుండా ఆగిపోతే దాని మీద ‘ఈ డిస్కును పరీక్షించాలి’ అనే గుర్తు పడుతుంది. రూటరు లోపల నడిచేది లినక్స్. ఆ గుర్తు చూసి అది డిస్కును అసలు తెరవకపోవచ్చు, లేదా చదవడానికి మాత్రం ఒప్పుకుని రాయడానికి ఒప్పుకోకపోవచ్చు. ‘నిన్నటిదాకా ఫైళ్లు పడేవి, ఇవాళ చూడటానికి వస్తున్నాయి గానీ కొత్తవి పడటం లేదు’ అని ఎవరైనా అంటే దాదాపు ఇదే. మందు తేలిక. డిస్కును విండోస్ కంప్యూటరుకు నేరుగా పెట్టండి. ‘దిస్ పీసీ’లో డ్రైవు మీద కుడి క్లిక్కు, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. అది పూర్తయ్యాక గడియారం పక్కనున్న గుర్తులోంచి ‘ఎజెక్ట్’ చేసి తీయండి. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉన్న కంప్యూటరుకు డిస్కు తగిలించి, షట్‌డౌన్ చేసి, ఎజెక్ట్ చేయకుండా పీకేసినా ఇదే చిక్కు వస్తుంది. ఆ షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. విండోస్ తన స్థితిలో కొంత భాగాన్ని దాచుకుని పడుకుంటుంది, లినక్స్‌కు ఆ డిస్కు ఇంకా వాడకంలో ఉన్నట్టే కనపడుతుంది. రూటరు నుంచి తీసేటప్పుడు కూడా దాని పేజీలో ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కాకే తీయాలి.

అమరిక విషయం. కొత్త పోర్టబుల్ డిస్కులు, పెద్ద సైజు పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అమరికలో వస్తున్నాయి. లినక్స్ కెర్నెల్‌లోకి, అంటే దాని మూల భాగంలోకి, ఎక్స్‌ఫ్యాట్ వచ్చింది 2019లో, 5.4 వెర్షన్‌తో. రూటర్లలో చాలావాటిలో అంతకంటే పాత కెర్నెల్ ఉంటుంది. అందుకే కంప్యూటరులో చక్కగా తెరుచుకునే డిస్కు రూటరుకు పెడితే ‘గుర్తించలేదు’ అంటుంది. ఫ్యాట్32ను దాదాపు అన్నీ చదువుతాయి గానీ అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు. పెళ్లి వీడియో కాపీ చేస్తుంటే ‘ఫైలు మరీ పెద్దది’ అని ఆగిపోవడానికి కారణం అదే, డిస్కులో చోటు లేక కాదు. రూటరుకు ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిది. 2 టీబీ కంటే పెద్ద డిస్కులకు జీపీటీ అనే విభజన కావాలి. కొన్ని పాత రూటర్లు దాన్ని చదవలేవు, అక్కడ చిన్న డిస్కు వాడటమే దారి. ఫార్మాట్ చేయడం సరైన పని అయ్యే చోటు ఇదొక్కటే: డిస్కులో ఉన్నదంతా ఇంకో చోటికి కాపీ చేసి, ఆ కాపీ తెరిచి చూసుకుని, ఆ తర్వాతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చాలి.

రూటరు పేజీలో డిస్కు కనపడుతోంది, కంప్యూటరులో రావడం లేదు. ఇప్పుడు రెండో భాగంలోకి వస్తున్నాం.

విండోస్‌లో ‘నెట్‌వర్క్’ అనే బొమ్మ తెరిచి, అక్కడ రూటరు కనపడలేదు కాబట్టి పని చేయడం లేదని నిర్ణయించేస్తున్నారు. ఆ బొమ్మను నమ్మకండి. అక్కడ పేర్లు కనపడే పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడింది, అది ఇప్పుడు ఆగిపోయింది. కొత్త పద్ధతిలో తన పేరు చెప్పుకునే తెలివి చాలా రూటర్లకు లేదు. పేరు కనపడకపోయినా డిస్కు అందుబాటులోనే ఉండవచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన అడ్రసు గడిలో రెండు వెనక గీతలు పెట్టి రూటరు అంకెలు కొట్టండి, ఇలా: \\192.168.1.1. ఎంటర్ నొక్కగానే ఫోల్డర్లు వస్తే చిక్కు తీరింది. దాని మీద కుడి క్లిక్కు చేసి ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’తో ఒక అక్షరం ఇచ్చి పెట్టుకుంటే రోజూ కొట్టే పని ఉండదు. గీతలు వాలే దిక్కు చూసుకోండి. వెబ్‌సైటు అడ్రసులో వాడే ముందుగీతలు కావు ఇవి.

రాకపోతే ఏ ఎర్రర్ వచ్చిందో చదవండి, ఫొటో తీసుకోండి. ఎర్రర్‌లోని మాటలే దారి చూపిస్తాయి. చివర 80070035 అంకెలతో ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అని వస్తే కంప్యూటరు అక్కడికి చేరలేకపోయింది. రూటరులో షేరింగ్ ఆఫ్‌లో ఉండవచ్చు, వేరే వైఫైలో ఉండవచ్చు, ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉండవచ్చు, యాంటీవైరస్ ఫైర్‌వాల్ ఆపుతూ ఉండవచ్చు. ‘మీ సంస్థ భద్రతా నిబంధనలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి’ అనే అర్థంలో వస్తే, ఇంట్లో సంస్థ ఏమిటని కంగారు పడనక్కర్లేదు. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా తెరవగలిగే షేరును విండోస్ ఒప్పుకోవడం లేదని దాని అర్థం. ‘క్రిప్టోగ్రాఫిక్ సిగ్నేచర్ చెల్లదు’ అని వస్తే, కంప్యూటరూ రూటరూ పంపుకునే సమాచారానికి ఉండాల్సిన డిజిటల్ సంతకం దగ్గర చిక్కు. ‘ఎస్‌ఎంబీ 1 కావాలి, అది సురక్షితం కాదు’ అన్న అర్థంలో వస్తే రూటరుకు పాత పద్ధతి ఒక్కటే వచ్చు.

ఈ మార్పులు ఎప్పుడు, ఎందుకు వచ్చాయో తెలిస్తే సలహాల్లో ఏది మంచిదో తేల్చుకోవచ్చు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు దూకింది ఎస్‌ఎంబీ 1లోని లోపం మీదుగానే. దాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ 1ను పక్కకు తప్పించడం మొదలైంది. దాని క్లయింట్ భాగం (వేరే చోటి ఫైళ్లు తెరిచే భాగం) మిగిలి ఉన్న కంప్యూటర్లలో కూడా, కంప్యూటరు నడిచిన 15 రోజుల్లో దాన్ని వాడకపోతే విండోస్ తనంతట తానే తీసేస్తుంది. రెండో దెబ్బ విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో వచ్చింది, 2024 అక్టోబరు 1న విడుదలైంది. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో రెండు షరతులు పడ్డాయి: ఎస్‌ఎంబీ మాటలకు డిజిటల్ సంతకం ఉండాలి, గెస్టుగా లోపలికి పోవడానికి వీల్లేదు (ఈ రెండోది ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్‌లలో అంతకు ముందు నుంచే ఉంది). పాస్‌వర్డ్ లేని గెస్టుకు సంతకం చేయడం కుదరదు కాబట్టి రెండూ కలిసి తలుపు మూసేశాయి. ఒకే ఇంట్లో హోమ్ ఎడిషన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో డిస్కు తెరుచుకుని, ప్రో ఉన్న దాంట్లో తెరుచుకోకపోవడం ఇందుకే. డిస్కులో తప్పు లేదు, రూటరు కూడా నిన్న ఎలా ఉందో ఇవాళ అలాగే ఉంది. రాత్రి పడ్డ అప్‌డేట్ నిబంధన మార్చింది.

దీనికి సరైన మందు విండోస్‌లో లేదు, రూటరులోనే ఉంది. యూఎస్‌బీ షేరింగ్ పేజీలో ‘అనానిమస్’ లేదా ‘గెస్ట్’ అన్న టిక్కు తీసేయండి. ఒక యూజర్‌నేమ్, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి, చదవడానికీ రాయడానికీ అనుమతి ఇవ్వండి. ఎస్‌ఎంబీ లేదా సాంబా (రూటరులో ఎస్‌ఎంబీని నడిపే ప్రోగ్రామ్) వెర్షన్ ఎంచుకునే వీలుంటే 2 గానీ 3 గానీ పెట్టండి. ఫర్మ్‌వేర్ (రూటరు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేయండి. కొన్ని రూటర్లకు ఎస్‌ఎంబీ 2 వచ్చింది అప్‌డేట్‌తోనే. ఆ తర్వాత కంప్యూటరు యూజర్‌నేమ్ అడిగినప్పుడు రూటరులో పెట్టిందే ఇవ్వాలి. అక్కడ విండోస్ తన మైక్రోసాఫ్ట్ ఖాతా ఈమెయిలు చూపిస్తుంది, చాలామంది దానికి నాలుగంకెల పిన్ను కొడతారు. ఆ పిన్ను ఆ ఒక్క కంప్యూటరులోకి వెళ్లడానికే పనికొస్తుంది. ‘మోర్ ఛాయిసెస్’ నొక్కి, ‘వేరే ఖాతా’ ఎంచుకుని, రూటరు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి, ‘గుర్తుంచుకో’ టిక్కు పెట్టండి.

పాస్‌వర్డ్ సరిగ్గానే ఇచ్చినా ‘ఒకే సర్వరుకు ఒకరు ఒకటి కంటే ఎక్కువ పేర్లతో కలవడానికి వీల్లేదు’ అని వస్తే, పాత పేరుతో కలిసిన కనెక్షన్ ఇంకా తెగలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్ తెరిచి రూటరు అంకెలున్న వరస తీసేయండి. మ్యాప్ చేసిన పాత డ్రైవులను డిస్కనెక్ట్ చేసి కంప్యూటరును రీస్టార్ట్ చేయండి. రూటరు పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ ఇంట్లోని అన్ని కంప్యూటర్లలోనూ ఈ పాత వరస తీసేయాల్సిందే.

విండోస్‌లో సంతకం నిబంధన, గెస్ట్ నిబంధన ఆపేసే ఆదేశాలు చెప్పేవాళ్లు ఉన్నారు. ఆపితే డిస్కు తెరుచుకుంటుంది, నిజమే. కానీ అది ఆ ఒక్క రూటరుకే పరిమితం కాదు. ఆ ల్యాప్‌టాప్ రేపు ఏ హోటల్ వైఫైలో కలిసినా ఆ రక్షణ ఉండదు. ఆఫీసు వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే వీటి జోలికే పోకండి. రూటరుకు ఎస్‌ఎంబీ 1 తప్ప మరొకటి రాకపోతే, ఉన్న ఫైళ్లు బయటికి తెచ్చుకోవడానికి డిస్కును నేరుగా కంప్యూటరుకు పెట్టుకోవడమే తేలిక, వేగం కూడా. డిస్కును తీయడం ఏ కారణం వల్లనో కుదరకపోతే, ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’లో ఎస్‌ఎంబీ 1.0 కింద క్లయింట్ ఒక్కదానికే టిక్కు పెట్టి, సర్వర్‌కు పెట్టకుండా, కాపీ పని అవగానే తీసేయండి. ఆ రూటరుతో రోజువారీ పని పెట్టుకోకండి.

ఫైళ్లు పంపుకునే ఇంకో పాత పద్ధతి ఎఫ్‌టీపీ ఉన్న రూటర్లు ఉన్నాయి. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని తీసేశాయి కాబట్టి బ్రౌజరులో కొడితే రాదు. ఫైల్‌జిల్లా వంటి ప్రోగ్రామ్‌తోనో, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రసు గడిలోనో తెరవాలి. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా పోతుంది, అందుకని ఇంటి లోపలికే వాడండి.

రెండు రూటర్లున్న ఇళ్ల సంగతి వేరే చెప్పాలి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబరు పెట్టె ఒకటి, మేడ మీదికి వైఫై అందక కొనుక్కున్న రూటరు ఇంకొకటి. డిస్కు కొన్న రూటరుకు పెట్టారు, ల్యాప్‌టాప్ మాత్రం కంపెనీ పెట్టె వైఫైలో ఉంది. ఇంటర్నెట్ రెండు చోట్లా వస్తుంది, డిస్కు ఒక్క చోటే వస్తుంది. రెండో రూటరు తన వెనక వేరే చిన్న నెట్‌వర్క్ కడుతుంది. లోపలున్నవాళ్లు బయటికి పోగలరు, బయటున్నవాళ్లు లోపలికి రాలేరు. పోల్చుకోవడం తేలిక: ల్యాప్‌టాప్ గేట్‌వే 192.168.1.1 అని, టీవీది 192.168.0.1 అని ఉంటే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నాయి. రెండో రూటరును ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి మారిస్తే అంతా ఒకటవుతుంది. మార్చాక దాని అడ్రసు మారుతుంది, కంపెనీ పెట్టె పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో కొత్త అంకెలు చూసుకోండి. అలాగే ‘గెస్ట్ వైఫై’లో కలిసిన ఫోన్లకు డిస్కు కనపడదు. గెస్ట్ వైఫై పెట్టిందే అందుకు కాబట్టి దాన్ని మార్చకండి.

ఫోన్లలో ఆండ్రాయిడ్ అయితే ఎస్‌ఎంబీ తెరిచే ఫైల్ మేనేజర్ కావాలి. వీడియోలకు వీఎల్‌సీ చాలు, లోకల్ నెట్‌వర్క్ విభాగంలో దొరుకుతుంది. ఐఫోన్‌లో 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే ‘కనెక్ట్ టు సర్వర్’ ఉంది. టీవీ చాలాసార్లు డీఎల్‌ఎన్‌ఏ అనే వేరే దారిలో చూస్తుంది. ఆ దారిలో సినిమాలు, పాటలు, ఫొటోలే కనపడతాయి, పీడీఎఫ్‌లు కనపడవు. కొత్తగా వేసిన వీడియో టీవీలో రాకపోతే రూటరు పేజీలో మీడియా సర్వర్ జాబితాను మళ్లీ స్కాన్ చేయించండి.

డిస్కు పెట్టాక వైఫై మందగించిందనే మాట కూడా నిజమే. యూఎస్‌బీ 3.0 పోర్టు, కేబులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి, ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వెలువరించింది. మంచి కవచం ఉన్న పొడవైన కేబులుతో డిస్కును యాంటెన్నాలకు దూరంగా జరపండి, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. వేగం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రూటరు లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే సెకనుకు 11, 12 మెగాబైట్లు దాటదు, 50 జీబీ పెళ్లి వీడియోకు గంటకు పైగా పడుతుంది. మొదటిసారి పెద్ద డేటా నింపేటప్పుడు డిస్కును నేరుగా కంప్యూటరుకు పెట్టి నింపి, తర్వాత రూటరుకు మార్చండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి పోర్టు లోపలి పిన్నులు పచ్చబడతాయి. రూటరు ఆఫ్ చేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెడితే కొన్నిసార్లు అంతటితోనే డిస్కు దారిలోకి వస్తుంది.

బయటి ఊరి నుంచి కూడా డిస్కు తెరుచుకోవాలని రూటరులో ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరు చెప్పినా వినకండి. రాన్సమ్‌వేర్ ముందుగా తట్టేది ఆ తలుపునే. ఇంటర్నెట్ వైపు ఎఫ్‌టీపీ ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు ఫొటోలు చేరాలంటే క్లౌడ్ వాడుకోవడం మేలు. అలాగే, ఆ డిస్కులో ఉన్నదే ఏకైక కాపీ అయితే ఈ రోజే ఇంకో డిస్కులోకి కాపీ చేసి, దాన్ని రూటరుకు పెట్టకుండా బీరువాలో ఉంచండి. ఒక కంప్యూటరుకు రాన్సమ్‌వేర్ సోకితే, మ్యాప్ చేసిన రూటరు డిస్కులోని ఫైళ్లకు కూడా అది తాళం వేయగలదు.

కంప్యూటరు షాపుల వాళ్లకు, కనెక్షన్ ఇచ్చే కేబులు వాళ్లకు మా విన్నపం. డిస్కు తెరుచుకోవడం లేదని వచ్చిన మనిషి చేతిలోంచి తీసుకోగానే ఫార్మాట్ వైపు పోకండి. రూటరు పేజీ చూశారా అని ముందు అడగండి. రూటరు అమ్మే కంపెనీలు పెట్టె మీద ‘యూఎస్‌బీ షేరింగ్ ఉంది’ అని మాత్రమే రాయకుండా, ఎస్‌ఎంబీ ఏ వెర్షనో, పోర్టు ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో, ఏ అమరికలు చదువుతుందో తెలుగులో రాయాలి. ఆ మూడు వివరాలు తెలియకే జనం డిస్కులు మారుస్తున్నారు. మీ పత్రిక టెక్నాలజీ పేజీలో ఈ వరసను ఒక చిన్న బాక్సుగా వేస్తే చాలా ఇళ్లకు మేలు జరుగుతుంది.

షాపుకు వెళ్లే పాఠకులు డిస్కుతో పాటు ఇవి కూడా తీసుకెళ్లండి: ఎర్రర్ కనపడుతున్న తెర ఫొటో, రూటరు మోడల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ కింద కనపడే విండోస్ ఎడిషన్, వెర్షన్. రూటరు అడుగున స్టిక్కరు ఫొటో తీస్తే అందులోని వైఫై పాస్‌వర్డ్‌ను వేలితో కప్పి తీయండి.

ఇట్లు,
ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేసేవాళ్లం,
కావలి, నెల్లూరు జిల్లా